నుదుటి రాత చదివే పెట్టె: బిస్ మానిటర్ కొనాలా, కొన్నాక నమ్మాలా?

ముందే చెప్పేస్తే సరి. బిస్ మానిటర్ అంటే ఆపరేషన్లో పేషెంటు ఎంత లోతు మత్తులో ఉన్నాడో నుదుటి మీది సెన్సర్‌తో అంచనా వేసే పెట్టె. ప్రొపొఫాల్ (నరంలోకి ఎక్కించే మత్తుమందు) పంపు మీద నడిచే కేసులు, అందులోనూ కండరాలు సడలించే మందు వేసి చేసేవి రోజూ ఉంటే బిస్ మానిటర్ కొనండి. సెవోఫ్లురేన్ (పీల్పించే మత్తు గ్యాస్) మీదే బండి నడిచే నర్సింగ్ హోమ్ అయితే ఆ డబ్బు ముందు ఊపిరిలో ఆ గ్యాస్ ఎంతుందో కొలిచే గ్యాస్ ఎనలైజర్‌కి పెట్టండి, మిగిలితే దీని సంగతి చూడొచ్చు. ఎవరు కొన్నా, తెర మీద పెద్దగా వెలిగే అంకె కంటే దాని పక్కన సన్నగా పాకే మెదడు అలల గీతను ఎక్కువ చూడాలి. ఎందుకో అర్థం కావాలంటే ఈ పెట్టె అసలు ఏం కొలుస్తోందో తెలియాలి.

బిస్ అంటే బైస్పెక్ట్రల్ ఇండెక్స్. అమెరికాలో ఆస్పెక్ట్ మెడికల్ అనే కంపెనీ తయారుచేసింది, 1996లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2009లో ఆ కంపెనీని కోవిడియన్ కొనేసింది, 2015లో కోవిడియన్‌ని మెడ్‌ట్రానిక్ కలిపేసుకుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో వెతికితే ఒకే సరుకు మూడు పేర్లతో కనపడుతుంది. విడి పెట్టెగానూ దొరుకుతుంది, పెద్ద మానిటర్లో తొడిగే మాడ్యూల్‌గానూ దొరుకుతుంది. సామాను మూడే ముక్కలు: తెర ఉన్న పెట్టె, మధ్యలో సిగ్నల్‌ని పట్టి అంకెలుగా మార్చే చిన్న డబ్బా ఉన్న కేబుల్, నుదుటి మీద అంటించే సెన్సర్. మొదటి రెండూ ఒకసారి కొంటే చాలు. మూడోది ప్రతి పేషెంటుకీ కొత్తది కావాలి, అసలు ఖర్చంతా అక్కడే.

పెట్టె చూపించేది 0 నుంచి 100 వరకు ఒక అంకె. పూర్తి మెలకువలో ఉన్న మనిషికి 100కి దగ్గరగా ఉంటుంది. 80 పైన ఉంటే కాస్త మగతగా ఉన్నా పిలిస్తే పలుకుతాడు. జనరల్ అనస్తీషియాలో 40 నుంచి 60 మధ్య ఉంచమని కంపెనీ చెబుతుంది. 40 దిగితే మత్తు అవసరానికి మించిందని, 20 దిగితే మెదడు అలలు ఆగి ఆగి వస్తున్నాయని, 0 అంటే గీత పూర్తిగా చదునైందని అర్థం. వినడానికి థర్మామీటర్ అంత సులువుగా ఉంది కదా. చిక్కు అక్కడే. థర్మామీటర్లో పాదరసం నిజంగా వేడికే వ్యాకోచిస్తుంది. ఈ అంకె మాత్రం తయారుచేసిన లెక్క. మత్తు ఇచ్చిన పెద్దవాళ్ల ఈఈజీలు (మెదడు అలల గీతలు) బోలెడు సేకరించి, ఏ అల ఉన్నప్పుడు మనిషి పలికాడు, ఏ అల ఉన్నప్పుడు పలకలేదు అని జతచేసి, నాలుగైదు రకాల కొలతలను కలిపి ఒక అంకెగా నూరారు. ఆ సూత్రాన్ని కంపెనీ ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. అంటే ఇది స్పృహను కొలవదు. నుదుటి చర్మం కింద నుంచి వచ్చే కరెంటుని చూసి, 'ఇలాంటి కరెంటు ఉన్నవాళ్లు మామూలుగా పలకరు' అని అంచనా చెబుతుంది. నుదుటి రాత చదవడమంటే ఇంతే.

స్పృహ అనే మాట దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగాలి. ఆపరేషన్ థియేటర్ (ఓటీ) బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు 'తెలివొచ్చిందా అండీ?' అని అడుగుతారు, తెలంగాణలో 'సోయిలకొచ్చిండా?' అంటారు. ఆ ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. పిలిస్తే పలకడం ఒకటి. లోపల ఏదో తెలుస్తూ ఉండడం రెండోది. తెలిసింది తర్వాత గుర్తుండడం మూడోది. ఈ మూడూ విడివిడిగా తెగిపోగలవు. మిడజోలం అనే మగత మందు ఇచ్చినవాడు ఎండోస్కోపీలో 'నోరు తెరవండి' అంటే తెరుస్తాడు, గంట తర్వాత ఏదీ గుర్తుండదు. కలలో ఉన్నవాడికి లోపల అంతా తెలుస్తుంటుంది, బయట పలకడు. కండరాల మందు వేసినవాడు అన్నీ వింటున్నా పలకలేడు, వేలు కూడా కదల్చలేడు. 'నిద్రపుచ్చుతాం' అని పేషెంటుకి ధైర్యం చెప్పడం మంచిదేగానీ, అది నిద్ర కాదు. నిద్రపోయేవాణ్ణి గిల్లితే లేస్తాడు. పొట్ట కోసినా లేవకూడని స్థితి ఇది, నిద్ర కంటే కోమాకే దగ్గర.

మరి లోపల తెలుస్తోందో లేదో పట్టుకునే దారి ఏదైనా ఉందా? 1977లో టన్‌స్టాల్ అనే బ్రిటిష్ అనస్తటిస్టు ఒకటి చెప్పాడు, ఖర్చు లేనిది. కండరాల మందు వేయడానికి ముందే ఒక చేతికి బీపీ కఫ్ కట్టి, పై బీపీ కంటే ఎక్కువ ఒత్తిడికి గాలి నింపాలి. మందు ఆ చేతిలోకి దిగదు. ఒళ్లంతా స్తంభించినా ఆ చెయ్యి మాత్రం కదలగలదు. అప్పుడు పేరుపెట్టి పిలిచి 'వినపడుతుంటే నా చెయ్యి గట్టిగా నొక్కండి' అనాలి. 2017లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 260 మందికి ఇలా చేస్తే, గొంతులో ట్యూబు వేసిన వెంటనే 12 మంది చెయ్యి నొక్కారు. నూటికి 4.6 మంది అన్నమాట. తర్వాత అడిగితే వాళ్లలో ఒక్కరికీ ఏమీ గుర్తులేదు. పలికారు, తెలిసింది, మరిచిపోయారు. బిస్ అంకెను చూసేటప్పుడు ఆ పన్నెండు చేతులూ గుర్తుండాలి.

ఇక వాడకం. సెన్సర్ అంటించడంలోనే సగం గొడవలు పుడతాయి, కాబట్టి కాస్త వివరంగా.

పెద్దవాళ్ల సెన్సర్లో వరసగా నాలుగు గుండ్రటి బిళ్లలు ఉంటాయి, మీద 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. ముందు నుదురు స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మన దగ్గర నూనె, పౌడరు, విభూతి, కుంకుమ అన్నీ అక్కడే కదా ఉండేది, రెండోసారి తుడిచినా తప్పులేదు. 1 నుదుటి నడుమ, ముక్కు మొదలుకి సుమారు 5 సెంటీమీటర్ల పైన. 4 కనుబొమకి సరిగ్గా పైన, దానికి సమాంతరంగా. 3 కణత మీద, కంటి కొసకీ జుట్టు మొదలుకీ మధ్య. 2 ఎక్కడ పడాలో దానంతటదే పడుతుంది. ముందు బిళ్లల అంచులు చుట్టూ అదమాలి, జెల్ బయటికి చిమ్మకుండా ఉంటుంది. తర్వాత ఒక్కో బిళ్ల నడుమ వేలితో 5 సెకన్లు గట్టిగా నొక్కాలి. లోపల ఉన్న చిన్న ముళ్లలాంటివి పై చర్మాన్ని దాటితేనే సిగ్నల్ వస్తుంది. చాలామంది అంటించి ఒక తట్టు తట్టి వదిలేస్తారు, ఆనక మిషన్ బాగాలేదంటారు.

తగిలించగానే పెట్టె తనే రెసిస్టెన్స్ పరీక్ష చేస్తుంది. బిళ్లలు 7.5 కిలో ఓమ్‌లకి లోపు, గ్రౌండు బిళ్ల 30 లోపు ఉంటే పాస్. ఏ బిళ్ల తప్పిందో తెర మీద చూపిస్తుంది, దాన్నే మళ్లీ నొక్కాలి. సెన్సర్ పెట్టాల్సింది పేషెంటు మెలకువగా ఉన్నప్పుడే, ఇండక్షన్‌కి (మత్తు ఎక్కించడానికి) ముందు. మెలకువలో 95 పైన చూపించిన పెట్టెకే మత్తులో 45 చూపించినప్పుడు విలువ. నిద్రపుచ్చాక అంటిస్తే పోల్చడానికి మొదటి అంకె ఉండదు. పుట్టుకతోనే మెదడు అలలు చిన్నగా ఉండేవాళ్లు కొందరుంటారు, వాళ్లకి మెలకువలోనే అంకె తక్కువ రావచ్చు. ముందే పెట్టకపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

తెర చదివే వరస ఒకటుంది. మొదట ఎస్‌క్యూఐ, అంటే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే పట్టీ. అది 50 దిగితే అంకె లోపల రంగు లేకుండా డొల్లగా కనపడుతుంది, 15 దిగితే అంకె మాయమవుతుంది. డొల్ల అంకెను చూసి మందు పెంచడం, తగ్గించడం చేయకూడదు. రెండోది ఈఎంజీ, నుదుటి కండరాల కరెంటు. అది పైకి లేచి ఉంటే అంకె కూడా దానితో పాటు అబద్ధంగా లేస్తుంది. మూడోది ఎస్‌ఆర్. గడిచిన 63 సెకన్లలో గీత ఎంత శాతం సమయం చదునుగా ఉందో అది చెబుతుంది. ముసలివాళ్లలో ఇది 0 దాటితే మందు తగ్గించుకోవచ్చేమో చూడాలి. నాలుగోది గీత. అంకె చిట్టచివర. అదీ ఇప్పటిది కాదు. పెట్టె 15 నుంచి 30 సెకన్ల సగటు తీస్తుంది కాబట్టి మీరు చూస్తున్నది అర నిమిషం కిందటి పేషెంటుని, ఒక్కోసారి ఆలస్యం నిమిషం దాటుతుంది. కోత పెట్టినప్పుడు గుండె వేగం ముందు పరిగెత్తుతుంది, బిస్ ఆయాసపడుతూ వెనక వస్తుంది.

గీత చదవడం వారం రోజుల్లో పట్టుబడుతుంది. 60 కిలోల మనిషికి ప్రొపొఫాల్ ఎక్కిస్తున్నారనుకోండి. మెలకువలో గీత సన్నగా, గజిబిజిగా, వేగంగా వణుకుతూ ఉంటుంది. రెప్ప వేసినప్పుడల్లా పెద్ద గుంట పడుతుంది. మందు ఎక్కగానే రెప్పల గుంటలు ఆగిపోతాయి, కాసేపు గీత ఇంకా వేగంగా కదులుతుంది. మాట తడబడేది అప్పుడే. ఆ తర్వాత సెకనుకి ఒకటో రెండో వచ్చే పెద్ద నెమ్మది అలలు, వాటి వీపు మీద సెకనుకి 8 నుంచి 12 సార్లు ఊగే చిన్న అలలు ఎక్కి కూర్చుంటాయి. చెరువులో పెద్ద అల మీద గాలికి ముడతలు పడ్డట్టు ఉంటుంది. ఆ బొమ్మ కనపడితే అంకె 48 అయినా 56 అయినా పెద్ద తేడా లేదు. ముడతలు పోయి వేగం పెరుగుతుంటే మత్తు తేలుతోంది. ఒక దడ, ఆ తర్వాత నున్నటి గీత, మళ్లీ ఒక దడ, ఇలా వస్తుంటే మోతాదు మించింది. సెవోఫ్లురేన్‌లో కూడా దాదాపు ఇదే బొమ్మ, మధ్యలో సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే అలలు కూడా నిండుతాయి. కొత్త మాడ్యూళ్లలో దీన్నే రంగుల పటంగా చూపిస్తారు, రెండు ఎర్రటి పట్టీలు కింద ఒకటి, నడుమ ఒకటి కనపడతాయి. ఆ పటం ఉన్న మోడలే తీసుకోండి.

ఇక పెట్టె ఎక్కడెక్కడ బోల్తా కొడుతుందో చూద్దాం. ఈ భాగమే కంపెనీ బ్రోషర్లలో సన్న అక్షరాల్లో ఉంటుంది.

కెటమిన్ అనే మత్తుమందు అన్నిటికంటే ముందు. 30 మిల్లీగ్రాములు ఇవ్వగానే అంకె 45 నుంచి 60 దాటి పోవచ్చు. పేషెంటు ఇంకా లోతుకే వెళ్లాడు, అంకె మాత్రం పైకెక్కింది. కెటమిన్ వేగమైన అలలను రేపుతుంది, పెట్టెకి వేగమంటే మెలకువ అని మాత్రమే తెలుసు. దాన్ని చూసి ప్రొపొఫాల్ పెంచితే బీపీ పడిపోతుంది. నైట్రస్ ఆక్సైడ్‌తో ఇంకో రకం, మత్తుకి తోడుపడుతుందిగానీ అంకెను పెద్దగా దించదు. డెక్స్‌మెడిటోమిడిన్ అనే మగత మందుతో దీనికి తిరగబడి ఉంటుంది: అంకె 50లలో ఉంటుంది, భుజం తట్టి పిలిస్తే కళ్లు తెరుస్తాడు. నెమ్మది అలలు చూసి పెట్టె మోసపోయింది, ఆ అలలు మామూలు నిద్రలోనివే.

కండరాల మందు సంగతి ఇంకా తీవ్రమైంది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు పదిమంది వాలంటీర్లకు మత్తు ఏమాత్రం ఇవ్వకుండా, పూర్తి మెలకువలో స్కోలిన్, రోకురోనియం అనే కండరాల మందులు వేసి బిస్ పెట్టారు. చెయ్యికి కఫ్ కట్టి ఉంది కాబట్టి వాళ్లు మెలకువగానే ఉన్నామని సైగ చేస్తూనే ఉన్నారు. అంకె మాత్రం 60 కిందికి జారింది. అంటే పెట్టె మెలకువ అనుకుంటున్న దాంట్లో కొంత భాగం నుదుటి కండరాల చప్పుడే. కండరం ఆగిపోతే మెలకువ కూడా పోయిందనుకుంది. ఏ పేషెంటుకైతే ఈ పెట్టె అత్యవసరమో, కదలలేక మెలకువగా ఉన్నవాడికి, అక్కడే అది అబద్ధం చెప్పగలదు. గీత చూడమని ఇంతగా చెప్పడం దీనికోసమే. కండరాలు ఆగినా మెదడు గీతలో పెద్ద అలలు, వాటి మీద ముడతలు రాకపోతే అంకె 55 అన్నా నమ్మకండి.

మిగతావి గబగబా. కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) నడుస్తున్నంతసేపు ఎస్‌క్యూఐ పడిపోతుంది, ఆగాక పదిహేను ఇరవై సెకన్లు ఆగి చూడాలి. తల దగ్గర వేడిగాలి దుప్పటి, పేస్‌మేకర్, సైనస్ ఆపరేషన్లో తిరిగే షేవర్ కూడా అంకెను పైకి తోస్తాయి. ఒళ్లు చల్లబడినా, షుగర్ పడిపోయినా, మెదడుకి రక్తం తగ్గినా అంకె దిగుతుంది. మందు మార్చకుండా అంకె హఠాత్తుగా కూలితే ముందు బీపీ చూడండి. ఈసీటీ (మానసిక జబ్బులకి ఇచ్చే కరెంటు షాక్) ఇచ్చాక ఫిట్ ఆగిన వెంటనే కూడా తక్కువ చూపిస్తుంది. ఏడాది లోపు పిల్లలకి దీన్ని నమ్ముకోకూడదు. సూత్రం పెద్దవాళ్ల మెదడు మీద కట్టింది, పసిపిల్లల అలలు వేరు.

అంకె 60 దాటిందని గంట మోగితే ఏం చేయాలి? కంగారుపడి అలారం నోరు మూయించడం మాత్రం కాదు. ఈఎంజీ లేచిందా, గీత మారిందా చూసి, చేత్తో మందు దారి మొత్తం తడమాలి. ప్రొపొఫాల్ 1 శాతం అంటే మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకి 100 మైక్రోగ్రాముల లెక్కన గంటకి 360 మిల్లీగ్రాములు, అంటే పంపు మీద 36 మిల్లీలీటర్లు ఉండాలి. అక్కడ 3.6 అని ఉంటే జబ్బు దొరికినట్టే. త్రీవే (మందు దారి మార్చే కుళాయి) తిప్పేసి ఉందా, సిరంజి అయిపోయిందా, కాన్యులా (నరంలో పెట్టిన సూది గొట్టం) ఉన్న చెయ్యి వాచిందా? చెయ్యి ఆపరేషన్ గుడ్డ (డ్రేప్) కింద దాచేసి ప్రొపొఫాల్ నడపడం అన్నిటికంటే పెద్ద తప్పు, సూది దిగిన చోటు ఎప్పుడూ కంటికి కనపడాలి. సెలైనూ పంపూ ఒకే దారిలో ఉంటే సెలైన్ వైపు వన్‌వే వాల్వు ఉండాలి, లేకపోతే మందు సెలైన్ గొట్టంలోకి ఎగదన్నుతుంది. గ్యాస్ కేసైతే వేపరైజర్‌లో (మత్తుమందును ఆవిరి చేసే డబ్బాలో) మందు ఉందో లేదో చూడాలి. ఇదంతా నిమిషంలో తేలాలి. అనుమానం తీరకపోతే ముందు మత్తు, నొప్పి మందు ఇచ్చి తర్వాత విచారణ పెట్టుకోవచ్చు. చెవి దగ్గర నోరు పెట్టి 'అంతా బాగానే ఉందండీ, మందు ఇస్తున్నాం, నిద్ర వచ్చేస్తుంది' అని చెప్పడం కూడా చికిత్సలో భాగమే. బ్రిటన్‌లో చేసిన పెద్ద సర్వే కూడా ఆ మాట చెప్పమనే సలహా ఇచ్చింది.

ఆ సర్వే 2014లో వచ్చింది, పేరు నాప్ 5. తమంతట తాము చెప్పుకున్న కేసులు తీసుకుంటే సుమారు 19,000 మందిలో ఒకరికి ఆపరేషన్ మధ్య మెలకువ వచ్చింది. కండరాల మందు వాడితే సుమారు 8,000 మందిలో ఒకరు, వాడకపోతే 1,36,000 మందిలో ఒకరు, జనరల్ అనస్తీషియాతో చేసిన సిజేరియన్లలో 670 మందిలో ఒకరు. కదలనివ్వని మందు ఎంత తేడా తెస్తుందో ఆ అంకెల్లోనే ఉంది. పనిగట్టుకుని అడిగితే లెక్క ఇంకా పెరుగుతుంది: 2000లో స్వీడన్‌లో 11,785 మందిని మళ్లీ మళ్లీ అడిగితే 18 మంది బయటపడ్డారు.

బిస్ దీన్ని తగ్గిస్తుందా? 2004లో వచ్చిన బి-అవేర్ ట్రయల్లో ప్రమాదం ఎక్కువున్న 2,463 మందిని తీసుకున్నారు. బిస్ పెట్టినవాళ్లలో ఇద్దరికి, పెట్టనివాళ్లలో 11 మందికి మెలకువ వచ్చింది. సేల్స్ వాళ్లు చూపించేది ఈ కాగితమే. 2008లో బి-అనవేర్ ట్రయల్ ఇంకో ప్రశ్న వేసింది: బిస్ లేకపోయినా, ఊపిరిలో గ్యాస్ మోతాదు 0.7 మ్యాక్ (ఒక మ్యాక్ అంటే కోత పెట్టినా సగం మంది కదలని మోతాదు) దిగితే అలారం మోగేలా పెడితే చాలదా? రెండు వైపులా ఇద్దరిద్దరు. 2011లో ఆరు వేల మందికి దగ్గరగా మళ్లీ చేశారు, బిస్ వైపు ఏడుగురు, గ్యాస్ అలారం వైపు ఇద్దరు. అదే ఏడాది చైనాలో పూర్తిగా ప్రొపొఫాల్ మీద చేసిన 5,228 మందిలో మాత్రం బిస్ వైపు నలుగురు, మామూలు వైపు 15 మంది. మొదట్లో ఇచ్చిన తీర్పు ఇందులోంచి వచ్చిందే. గ్యాస్‌కి ఊపిరిలో కొలత ఉంది. ప్రొపొఫాల్ రక్తంలో ఎంత ఉందో చెప్పే మీటరు ఓటీలో లేదు, కాబట్టి మెదడునే అడగాలి. బ్రిటన్ అనస్తటిస్టుల సంఘం 2015 నుంచి ప్రొపొఫాల్ డ్రిప్, కండరాల మందు కలిసినచోట ఇలాంటి మానిటర్ పెట్టమని చెబుతోంది.

40 సంవత్సరాల మనిషికి సెవోఫ్లురేన్ ఒక మ్యాక్ అంటే సుమారు 2 శాతం, కాబట్టి 0.7 అంటే ఒకటిన్నర శాతం లోపే. వయసు పదేళ్లు పెరిగిన కొద్దీ సుమారు 6 శాతం తగ్గుతుంది. ఎనలైజర్‌లో పేషెంటు వయసు కొట్టడం మరిచిపోతే ఈ లెక్క మొత్తం తప్పుతుంది.

బిస్ పెడితే ముసలివాళ్లకి ఆపరేషన్ తర్వాత మతి తప్పడం తగ్గుతుందని కూడా చెప్పి అమ్ముతారు. 2013లో హాంకాంగ్ అధ్యయనం తగ్గిందంది, 2019లో 1,232 మందితో చేసిన ఎంగేజెస్ ట్రయల్ తగ్గలేదంది. అదే ఏడాది 6,644 మందితో చేసిన బ్యాలెన్స్‌డ్ ట్రయల్లో అంకె 50 దగ్గర ఉంచినా 35 దగ్గర ఉంచినా ఏడాదిలోపు మరణాల్లో తేడా రాలేదు. దీనికోసమని కొనకండి.

ఒకే గుర్తును పట్టుకుని వేలాడితే ఏమవుతుందో మన హైదరాబాద్‌కి బాగా తెలియాలి. 1888, 1889లలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. రెండోదానికి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని పంపింది. వందల జంతువుల మీద పరీక్షించి, క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను నేరుగా ఆపదు, ఊపిరి చూస్తే చాలు అని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసి చూపించాడు: క్లోరోఫాం పలచగా ఇచ్చినప్పుడు ఊపిరి బాగానే ఉండగానే గుండె దడదడలాడి ఆగిపోగలదు. ఊపిరి చూడమన్నది మంచి సలహానే, ఊపిరి ఒక్కటే అన్నది తప్పు. అదే హైదరాబాద్ నుంచి వచ్చిన రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలో మొదటి మహిళా అనస్తటిస్టుల్లో ఒకరు, ఆ రోజుల్లోనే ఇక్కడ మత్తు ఇచ్చారు. ఆమె దగ్గర ఏ పెట్టే లేదు.

అచేతన మనసు వింటుందా అనేది ఇంకో ప్రశ్న. అంకె 45లో ఉంది, ఏదీ గుర్తుండదు, మరి సర్జన్ అన్న మాట లోపలెక్కడైనా దిగుతుందా? 1965లో లెవిన్సన్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికాలో పదిమంది మీద ప్రయోగం చేశాడు. లోతైన మత్తులో ఉండగా 'పెదాలు నీలం అవుతున్నాయి, ఆపండి' అని అబద్ధపు గాభరా చదివించారు. నెల తర్వాత హిప్నాసిస్‌లో అడిగితే నలుగురు దాదాపు అక్షరం పొల్లుపోకుండా చెప్పారని రాశాడు. సంచలనమే, కానీ అంత గట్టి ఫలితం తర్వాత ఎవరికీ దొరకలేదు. పదాల జాబితాలు వినిపించి తర్వాత పరీక్షించే అధ్యయనాల్లో ఒకదానిలో కాస్త జాడ కనపడుతుంది, ఇంకోదానిలో కనపడదు. మత్తు పలచబడినప్పుడు ఎక్కువ దొరుకుతుంది. దీనికి బిస్ దగ్గర జవాబు లేదు. పేషెంటు బరువు మీద, ఒంటి మీద జోకులు వద్దు, అంకె ఎంతైనా సరే.

గుర్తుందో లేదో తెలుసుకోవడానికి పెట్టె కాదు, ప్రశ్నలు కావాలి. 1970లో బ్రైస్ బృందం వాడిన ప్రశ్నలు ఇప్పటికీ అవే. తెలుగులో అడగాలంటే ఇలా అడగొచ్చు: 'మత్తు ఎక్కే ముందు చివరగా మీకు గుర్తున్నది ఏంటండీ? తెలివొచ్చాక మొదట గుర్తున్నది? ఆ రెంటికీ మధ్య ఏమైనా గుర్తుందా? కల ఏమైనా వచ్చిందా? మొత్తంలో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఏది?' ఆ రోజు సాయంత్రం ఒకసారి, రెండు మూడు రోజులకి ఒకసారి, నెలకి ఒకసారి. మొదటిసారి 'ఏం లేదు' అన్నవాళ్లు రెండోసారి చెప్పిన సందర్భాలు ఉన్నాయి. 'మధ్యలో మెలకువ వచ్చిందా?' అని నేరుగా అడిగితే మొహమాటానికి లేదనేస్తారు. డాక్టరుగారిని నొప్పించడం ఎందుకని కొందరు, తమకే పిచ్చి అనుకుంటారేమో అని కొందరు.

సెన్సర్ ఖర్చు తగ్గించుకోవడానికి వాడినదాన్నే ఈసీజీ జెల్ పూసి మళ్లీ అంటించే అలవాటు ఉంది. ఒకరి నుదుటి మీదది ఇంకొకరికి పెట్టడంలో ఇన్‌ఫెక్షన్ సంగతి అటుంచితే, ఎండిన జెల్‌కి రెసిస్టెన్స్ పెరిగి సిగ్నల్ చెడుతుంది, కొత్తగా పూసిన జెల్ ఒక బిళ్ల నుంచి పక్క బిళ్లకి పాకితే రెండూ ఒకటే అయిపోతాయి. కొటేషన్ అడిగేటప్పుడు పెట్టె ధరతో పాటు సెన్సర్ ధర రాయించుకోండి, మూడేళ్ల కేసులతో గుణించండి. అప్పుడు తెలుస్తుంది ఏది చవకో. పోటీ సరుకులో జీఈ వాళ్ల ఎంట్రొపీ నుదుటి కండరాల కరెంటుని విడిగా చూపిస్తుంది, ఆ ఒక్క విషయంలో బిస్ కంటే నిజాయితీ ఎక్కువ, కానీ వాళ్ల మానిటర్ ఉంటేనే. మాసిమో సెడ్‌లైన్ నుదుటి రెండు వైపులా చూస్తుంది, రంగుల పటం బాగుంటుంది, దాని కావలసిన అంకె 25 నుంచి 50. బిస్ అలవాటుతో దాన్ని చదివితే పొరపాటే.

డెమోకి వచ్చినప్పుడు సెన్సర్‌ని వచ్చినవాళ్ల నుదుటికే అంటించమనండి. కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోమని అంకె చూడండి. తర్వాత పళ్లు గట్టిగా బిగబట్టమనండి, ఈఎంజీ పట్టీ ఎంత లేస్తుందో, ఎస్‌క్యూఐ ఎంత పడుతుందో, అంకె మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వాచీ పెట్టుకుని లెక్కపెట్టండి. ఆ తర్వాత గీత మాత్రమే పెద్దగా కనపడే స్క్రీన్ ఏ మీట నొక్కితే వస్తుందో అడగండి. దానికి రెండు నిమిషాలు వెతుక్కుంటే, ఇంకో కంపెనీని కూడా పిలవండి.